సినిమా హాలుకి ఇచ్చారు, స్టేజీని మర్చిపోయారు: కరోనా సాయం గురించి ప్రభుత్వ పెద్దలకు రంగస్థల కళాకారుల బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలో సంస్కృతి, ఆర్థిక వ్యవహారాలు చూస్తున్న పెద్దలకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను పల్నాడు వైపు పద్య నాటకాలకి హార్మోనియం వాయించేవాణ్ణి. ఈ లేఖకి ముందు అర్జీ ఇచ్చాం. జిల్లాలో ఒక ఆఫీసులో ఇస్తే పైకి పంపామన్నారు. పైన అడిగితే రాలేదన్నారు. ఈలోగా అధికారి మారారు. కొత్తగా వచ్చినాయన మర్యాదగానే మాట్లాడారు, టీ కూడా ఇప్పించారు, కానీ మా కాగితం ఎక్కడుందో ఆయనకీ తెలియదు. అందుకని పది మందీ చదివేలా మళ్ళీ రాస్తున్నాను.

మేం అడిగేది ఒక్కటే. కరోనా దెబ్బ నుంచి తేరుకోవడానికి మిగతా వృత్తులవాళ్ళకి చేసిన సాయం స్టేజీ మీద బతికేవాళ్ళకి కూడా చెయ్యండి. ఐదేళ్ళు దాటాక ఇప్పుడు కరోనా సాయమేమిటని మీకు అనిపించవచ్చు. దానికి జవాబు చెప్పడానికే ఇంత పొడుగు లేఖ.

ముందు మా సంవత్సరం ఎలా నడుస్తుందో చెప్పాలి. ఎందుకంటే ఆడిటోరియంలో శాలువా కప్పించుకునే కళాకారుల్నే మీరు ఎక్కువగా చూసి ఉంటారు. ఊరి నాటకానికి సీజన్ సంక్రాంతికి మొదలవుతుంది. శివరాత్రి తిరునాళ్ళు, ఉగాది, శ్రీరామనవమి పందిళ్ళు, ఆ తర్వాత ఊరూరా పోలేరమ్మ, గంగమ్మ కొలుపులు. ఎండలు ముదిరి తొలకరి పడేదాకా అదే వరస. వానలొస్తే స్టేజీ కట్టేవాడుండడు. వినాయక చవితికి, దసరాకి మళ్ళీ కాస్త కదలిక వస్తుంది. ఆ నాలుగైదు నెలల్లో చేతికొచ్చిన డబ్బుతోనే ఏడాదంతా గడవాలి, పిల్లల ఫీజులు కట్టాలి, వానాకాలం అప్పు తీర్చాలి.

ఒక రాత్రి నాటకమంటే స్టేజీ మీద కనిపించే పది పన్నెండు మందే కాదు. హార్మోనియం, డోలకు, మేకప్పు, డ్రెస్సులు, పరదాలు కట్టేవాళ్ళు, మైకుసెట్టు, లైటింగు, వీళ్ళందర్నీ మోసుకొచ్చే వ్యాను డ్రైవరు. ఎవరికీ జీతం లేదు, రాత్రికింత అని మాట. ఆ మాట ఫోన్లోనే, డబ్బు చేతిలోనే. రసీదులు రాసుకునే అలవాటు మా తాతల నాటి నుంచీ లేదు. ఈ చివరి విషయం గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

2020లో శివరాత్రి ఫిబ్రవరి 21న వచ్చింది. నెల తిరిగేసరికి మార్చి 25న ఉగాది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది సరిగ్గా ఆ ఉగాది రోజునే. ఏప్రిల్ 2న నవమి. అంటే అడ్వాన్సులు పుచ్చుకొని డైరీలో రాసుకున్న రాత్రులన్నీ ఒక్కసారిగా కొట్టేసుకున్నాం. ఆ ఏడు వినాయక చవితి పందిళ్ళకీ అనుమతి లేదు. 2021లో ఉగాది ఏప్రిల్ 13, నవమి ఏప్రిల్ 21. సరిగ్గా సెకండ్ వేవ్ విరుచుకుపడిన రోజులు. ఏప్రిల్ 24 నుంచి రాష్ట్రంలో రాత్రి పది నుంచి తెల్లవారి ఐదు దాకా కర్ఫ్యూ. మా నాటకం మొదలయ్యేదే రాత్రి పదికి! మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండుకే కర్ఫ్యూ మొదలైంది. 2022లో సంక్రాంతి అయ్యీ కాగానే జనవరి 18 నుంచి మళ్ళీ నైట్ కర్ఫ్యూ.

కర్ఫ్యూ తప్పని మేం అనడం లేదు. మా వాళ్ళూ పోయారు ఆ రోజుల్లో. పక్కన నిలబడి పాడినవాళ్ళు పోయారు. కానీ కిరాణా కొట్టు పొద్దున పూట తెరిచింది, హోటలు పార్సిల్ కట్టింది, బడి ఫోన్లోకి వచ్చింది. రాత్రి కర్ఫ్యూతో పూర్తిగా మూతపడిన పని మాది.

ఆ నెలల్లో ఎవరికి ఏం అందిందో చూడండి. అసూయతో చెప్పడం లేదు, అందుకున్నవాళ్ళు మా బంధువులే, మా పక్కింటివాళ్ళే. 2020 మే నెలాఖరులో అర్చకులకి, ఇమాములకి, పాస్టర్లకి రాష్ట్రం తలా 5,000 ఇచ్చింది. జూన్‌లో ఆటో, టాక్సీ డ్రైవర్లకి 10,000. టైలర్లకి, రజకులకి, నాయీబ్రాహ్మణులకి 10,000. నేతన్నలకి 24,000. ఇందులో కొన్ని కరోనా కోసమే పుట్టిన పథకాలు కావు, నిజమే, కానీ పని లేని వేసవిలో ఆ ఇళ్ళల్లో పొయ్యి వెలిగించింది అవే. కేంద్రం తోపుడుబండి వాళ్ళకి స్వనిధి పేరుతో 10,000 అప్పు ఇప్పించింది. సినిమా కార్మికుల కోసం చిరంజీవి గారు ముందుకొచ్చి కరోనా క్రైసిస్ ఛారిటీ పెట్టారు, ఇంటింటికీ సరుకులు చేరాయి. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం సినిమా హాళ్ళకి రీస్టార్ట్ ప్యాకేజీ ఒప్పుకుంది. మూడు నెలల కరెంటు ఫిక్స్‌డ్ ఛార్జీలు మాఫీ. ఏ, బి సెంటర్ల హాళ్ళకి 10 లక్షల దాకా, సి సెంటర్లకి 5 లక్షల దాకా అప్పు, దాని వడ్డీలో రాయితీ.

మంచిదే. హాలు మూతపడితే గేటు దగ్గర టికెట్టు చింపేవాడి కడుపు కూడా మాడుతుంది. కానీ అదే ఊళ్ళో, అదే హాలు వెనక సందులో ఉండే డోలకు వాయించేవాడి కోసం ఆ మంత్రివర్గ సమావేశంలో ఒక్క మాట కూడా రాలేదు. అప్పటి ప్రభుత్వం వేరు, ఇప్పటి ప్రభుత్వం వేరని మీరనవచ్చు. మాకు మాత్రం ప్రభుత్వమంటే ప్రభుత్వమే.

ఎందుకు రాలేదో చాలా ఆలోచించాను. కళ అంటే ఎవరికీ పగ లేదు. ప్రతి సాయం వెనకా ఒక జాబితా ఉంది. డ్రైవరుకి లైసెన్సు, నేతన్నకి మగ్గం, సినిమా హాలుకి లైసెన్సు ఫారం, తోపుడుబండికి మున్సిపాలిటీ కార్డు. మా దగ్గర ఏ కాగితమూ లేదు. ప్రభుత్వం దగ్గర ఉన్నవి అవార్డులు తీసుకున్నవాళ్ళ పేర్లు, ఉగాదికి పిలవాల్సినవాళ్ళ పేర్లు. రాత్రికింత అని వేషం కట్టేవాళ్ళ పేర్లు రాసిన పుస్తకం ఏ ఆఫీసులోనూ లేదు. మమ్మల్ని సన్మానించాల్సినవాళ్ళుగా చూశారు గానీ పనివాళ్ళుగా చూడలేదు. మిగతా కష్టాలన్నీ దీంట్లోంచే వచ్చాయి.

ఆ మూడు సీజన్లలో ఏం జరిగిందో, అది ఇప్పటికీ ఎందుకు తీరలేదో వరసగా చెబుతాను.

1. అప్పు. బుక్ చేసుకునేటప్పుడు ఊరి కమిటీ కాంట్రాక్టరుకి అడ్వాన్సు ఇస్తుంది, కాంట్రాక్టరు అందులోంచి ఆర్టిస్టులకి ఇస్తాడు. ఆర్టిస్టు దాంతో ఇంట్లో బియ్యం వేయించుకుంటాడు. నాటకం ఆగిపోయాక కొన్ని కమిటీలు పెద్దమనసుతో వదిలేశాయి, చాలా కమిటీలు వెనక్కి అడిగాయి. అదీ తప్పు కాదు, అది ఊరందరి చందా డబ్బు. తిరిగి కట్టడానికి నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చినవాళ్ళున్నారు. ఆ వడ్డీ ఎక్కడా ఆగదు. 2020లో యాభై వేలు తెచ్చినవాడు ఇప్పటికి ఎంత కట్టి ఉంటాడో, ఇంకా ఎంత ఉందో ఆర్థిక శాఖ వాళ్ళకి నేను లెక్క చెప్పక్కర్లేదు. హార్మోనియం తాకట్టు పెట్టినవాణ్ణి ఎరుగుదును. హార్మోనిస్టు హార్మోనియం తాకట్టు పెడితే ఇక ఏం వాయించి విడిపించుకుంటాడు?

2. సామాను. ఇది బయటివాళ్ళకి అర్థం కాదు కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. పౌరాణిక నాటకానికి కిరీటాలు, భుజకీర్తులు, విగ్గులు, జరీ డ్రెస్సులు, వెల్వెట్టు తెరలు, అడవి, కోట, శ్మశానం గీసిన పరదాలు కావాలి. ఇవి ఆర్టిస్టుల దగ్గర ఉండవు. అద్దెకిచ్చే డ్రెస్ కంపెనీలు ఉంటాయి. చిన్న గది, ట్రంకు పెట్టెలు, ఒక ముసలాయన, అదే కంపెనీ. రెండేళ్ళు పెట్టెలు తెరవకపోతే విగ్గులకి పురుగు, జరీకి నలుపు, పరదాలకి బూజు, ఎలుకలు. హార్మోనియానికి తిత్తి పగిలింది, రీడ్లు తుప్పు పట్టాయి. డోలకు తోలు సాగిపోయింది. గది అద్దె మాత్రం నెలనెలా కట్టాల్సిందే. కట్టలేక తెగనమ్ముకున్నవాళ్ళున్నారు. ఇప్పుడు మిగిలిన కంపెనీలు తక్కువ కాబట్టి దూరం నుంచి సామాను తెప్పించాలి, అద్దె పెరిగింది, వ్యాను ఖర్చు పెరిగింది. దాంతో నాటకం ఖర్చు పెరిగింది. కమిటీ వాళ్ళు లెక్క వేసుకొని, ఇంత పెట్టే బదులు డీజే పెడదాం, కుర్రాళ్ళు ఎగురుతారు, అంటున్నారు. జనానికి నాటకం మీద మోజు పోయిందని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. నాటకం పెట్టిన ఊళ్ళో ఇప్పటికీ తెల్లవారేదాకా కూర్చుంటున్నారు, పద్యానికి పద్యం వన్స్ మోర్ అడుగుతున్నారు. పెట్టలేకపోతున్న ఊళ్ళు పెరిగాయి, అంతే తేడా. కరోనా పోయినా మేం తేరుకోలేదని అంటున్నది ఇందుకే.

3. ఆడవాళ్ళు. నాటకంలో స్త్రీ పాత్రలు వేసేవాళ్ళలో చాలామంది ఇంటికి తామే దిక్కు. భర్త లేనివాళ్ళు, ఉన్నా లేనట్టే ఉన్నవాళ్ళు, ముసలి తల్లినీ ఇద్దరు పిల్లల్నీ ఒక్క గొంతు మీద సాకేవాళ్ళు. డ్రామాలావిడ అంటే మామూలు రోజుల్లోనే ఇల్లు అద్దెకివ్వరు. పని లేని రెండేళ్ళల్లో ఇల్లు ఖాళీ చేయించినప్పుడు ఎక్కడికి వెళ్ళారో చాలామంది గురించి మాకే తెలియదు. కొందరు ఇళ్ళల్లో పనికి కుదిరారు, కొందరు మిర్చి కోతలకి వెళ్ళారు. కూలి పని చిన్నతనమని కాదు. కానీ మిర్చి ఘాటులో రోజంతా వంగి పనిచేసిన గొంతు రాత్రి మూడింటికి చంద్రమతి పద్యం ఎత్తుకోలేదు. గొంతు పోయినావిడని ఆదుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఈ మహిళల కోసం విడిగా ఏదైనా చెయ్యకపోతే ఇంకో పదేళ్ళలో మళ్ళీ మగవాళ్ళు చీర కట్టే రోజులకి వెళ్తాం.

4. కుర్రాళ్ళు. పద్యం పుస్తకంలో నేర్చుకునేది కాదు. పెద్దవాళ్ళ పక్కన నాలుగు సీజన్లు చిన్న వేషాలు కట్టి, ఎక్కడ శ్వాస ఆపాలో, ఏ మాట మీద రాగం సాగదియ్యాలో చెవితో పట్టాలి. 2020లో పద్దెనిమిది ఇరవై ఏళ్ళున్న పిల్లలు ఆ సీజన్లే పోగొట్టుకున్నారు. ఫుడ్ డెలివరీకి, హైదరాబాదులో సెక్యూరిటీ గార్డు పనికి, గోడౌన్లకి వెళ్ళారు. వెళ్ళినవాడు తిరిగి రాడు, నెల జీతం చూశాక ఎందుకొస్తాడు? హరికథకైతే తూర్పు గోదావరిలో కపిలేశ్వరపురంలో 1973లో పెట్టిన పాఠశాల ఉంది, ఆడపిల్లలకి కథ చెప్పడం నేర్పించి ఎందరినో భాగవతారిణులుగా తయారు చేసింది. నాటకం పద్యానికి, బుర్రకథకి అలాంటిది ఊరి స్థాయిలో ఏదీ లేదు.

5. మిగతా కళలు. నాకు తెలిసింది నాటకం, కానీ కష్టం మా ఒక్కరిదే కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ళున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. రెండు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చింది. ఆట ఆడించడం ఎప్పుడో తగ్గిపోయి, ఎగ్జిబిషన్లలో దీపాల తొడుగులు అమ్ముకొని బతుకుతున్న ఊరది. ఎగ్జిబిషన్లు కూడా ఆగిపోయాయి. డోలు, సన్నాయి వాళ్ళ పని పెళ్ళిళ్ళ మీద. పెళ్ళికి ఇరవై మందే ఉండాలన్న రోజుల్లో మేళానికి చోటెక్కడ? షేక్ నాజర్ గారు బుర్రకథకి 1986లో పద్మశ్రీ తెచ్చిన పాత గుంటూరు జిల్లా మాది. ఆయన దారిలో నడిచే దళాలు ఎక్కువగా ప్రభుత్వ ప్రచారం మీదే బతికాయి. కుటుంబ నియంత్రణ, అక్షరాస్యత, ఎయిడ్స్, ఆఖరికి మాస్కులు, చేతులు కడుక్కోవడం కూడా మా వాళ్ళే కథలు కట్టి చెప్పారు. చెప్పిన ప్రోగ్రాముకి బిల్లు వచ్చేసరికి ఎన్ని నెలలు పడుతుందో మీ ఆఫీసుల్లోనే అడిగి చూడండి.

6. నిషేధం. ఇది కరోనాలో భాగం కాదు, కానీ అదే సమయంలో వచ్చింది కాబట్టి చెప్పక తప్పదు. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించింది. మంచిచెడ్డలు ఈ లేఖలో వాదించను. అందులోని సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందని బాధపడిన ఆర్యవైశ్యుల మాట కొట్టిపారేసేది కాదు, సుబ్బిశెట్టి వేషం పేరుతో కొందరు ఎంత వెకిలిగా పోయారో పక్కనే కూర్చుని చూసినవాణ్ణి. కానీ సీజన్లో సగం రాత్రులు ఆ ఒక్క నాటకం మీదే నడిచే ట్రూపులు ఉండేవి. రెండు సీజన్లు పోయి మూడోది మొదలవుతుంటే ఆ పని కూడా ఒక్క ఉత్తర్వుతో పోయింది. బూతు తీసేసి వేసుకోండి అని ఒక కమిటీ వేసి ఉండవచ్చు, లేదా బదులుగా వేరే పని చూపించి ఉండవచ్చు. రెండూ చెయ్యలేదు.

ఇక మీ వైపు నుంచి వచ్చే జవాబులు మాకు తెలుసు, వాటి గురించీ మాట్లాడుకుందాం.

పింఛను ఇస్తున్నాం కదా అంటారు. అవును, డప్పు కళాకారులకీ మిగతా కళాకారులకీ పింఛను 2024 జులై నుంచి 4,000 అయింది, సంతోషం. అది వయసు మళ్ళినవాళ్ళకి. కేంద్రం ఇచ్చే సాయం కూడా 60 ఏళ్ళు నిండి, ఏడాదికి 72,000 లోపు ఆదాయం ఉన్నవాళ్ళకే. నలభై ఏళ్ళ ఆర్టిస్టుకి ఏముంది? ముప్పై నుంచి అరవై మధ్య ఉన్నవాళ్ళే ఇల్లు నడిపేది, వాళ్ళ దగ్గరే ఇంకా పద్యం మిగిలి ఉంది.

నంది నాటకోత్సవాలు పెట్టాం కదా అంటారు. 2023 డిసెంబరులో గుంటూరులో జరిగాయి, నేనూ వెళ్ళి చూశాను, మంచి నాటకాలు వచ్చాయి. అయితే పోటీ నాటకం వేరు, ఊరి నాటకం వేరు. పోటీకి వచ్చేవాళ్ళలో చాలామంది ఉద్యోగం చేసుకుంటూ ఇష్టం కొద్దీ ఆడేవాళ్ళు. వాళ్ళ మీద నాకు గౌరవమే. బహుమతి వాళ్ళకి సంతోషం. మాకు కావాల్సింది పని.

బిరుదు వస్తే బతుకు మారుతుందన్న నమ్మకం కూడా మాకు పోయింది. తెలంగాణలో కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు, అక్కడి ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. 2024లో ఆయన భవన నిర్మాణం దగ్గర కూలి పని చేస్తూ కనిపించారని దేశమంతా వార్త వచ్చింది. పద్మశ్రీ వచ్చినాయన పరిస్థితే అలా ఉంటే, పేరు లేని వంతపాటగాడి సంగతి ఎవరు పట్టించుకుంటారు?

నకిలీలు చేరతారు అంటారు. ఈ భయం నిజమే, దాచను. లెటర్‌హెడ్డు తప్ప ఒక్క నాటకం కూడా ఆడని సంఘాలు మాలో ఉన్నాయి. మంత్రి ఎవరైతే వాళ్ళ పక్కన ఫొటోలో కనిపించే కళాకారులూ ఉన్నారు. వాళ్ళని ఏరెయ్యడం చాలా తేలిక. ఒక పద్యం పాడించండి, ఒక దరువు వాయించమనండి. అర నిమిషం చాలు.

డబ్బు లేదు అంటారు. మిగతా దేశాలు కూడా ఆ రెండేళ్ళు డబ్బు మిగిలి ఇవ్వలేదు. బ్రిటన్ 2020లో కళల కోసం 157 కోట్ల పౌండ్ల నిధి పెట్టింది. జర్మనీ వంద కోట్ల యూరోలు ఇచ్చి, తర్వాతి ఏడు మరో వంద కోట్లు చేర్చింది. ఐర్లండ్ 2022లో రెండు వేల మంది కళాకారులకి వారానికి 325 యూరోలు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. అంత దూరం వెళ్ళొద్దు. పక్కనే కర్ణాటక 2021 మేలో ప్యాకేజీ ప్రకటించినప్పుడు కళాకారుల్ని కూడా చేర్చి తలా 3,000 ఇచ్చింది. మూడు వేలు ఏపాటి అనుకోవచ్చు. కానీ ఆ ప్రకటనలో కళాకారులనే మాట ఉంది. తమిళనాడులో జానపద కళాకారుల సంక్షేమ బోర్డు కరోనాకి ముందు నుంచే ఉంది కాబట్టి అక్కడ సాయం ఎవరికి పంపాలో వాళ్ళకి తెలుసు.

మేం అడుగుతున్నవి ఇవి.

1. నమోదు. గ్రామ, వార్డు సచివాలయాల ద్వారా కళాకారుల నమోదు చేపట్టండి. స్టేజీ మీద కనిపించేవాళ్ళతో ఆగకండి. మేకప్పు, డ్రెస్సులు, పరదాలు, లైటింగు, వాద్యాలు బాగుచేసేవాళ్ళు అందరూ ఉండాలి. కేంద్రం 2023లో తెచ్చిన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, హార్మోనియం బాగుచేసేవాడు అందులో లేడు, డోలకుకి తోలు బిగించేవాడూ లేడు. పేపర్ కటింగులు, సర్టిఫికెట్లు తెమ్మనకండి, అవి పోటీ నాటకాల వాళ్ళ దగ్గరే ఉంటాయి. నాటకం ఆడించిన ఊరి కమిటీ మాట, ఇద్దరు సీనియర్ కళాకారుల సంతకం, పైన చెప్పిన చిన్న పరీక్ష చాలు.

2. ఒక్కసారి సాయం. 2020 నుంచి 2022 వరకు పోయిన సీజన్లకి నమోదైన ప్రతి కుటుంబానికీ ఒకసారి ఇవ్వండి. ఎంత అంటే, నేతన్న కుటుంబానికి ఆ ఏడు ఇచ్చిన 24,000నే కొలతగా పెట్టుకోండి. ఒంటరి మహిళా కళాకారులకి ముందు ఇవ్వండి, ఇళ్ళ స్థలాల్లో కూడా వాళ్ళని గుర్తుంచుకోండి.

3. సామానుకి అప్పు. సినిమా హాలుకి ఇచ్చిన పద్ధతిలోనే డ్రెస్ కంపెనీలకి, ట్రూపులకి వడ్డీ రాయితీతో అప్పు ఇప్పించండి. హాలుకి పది లక్షలిచ్చారు. మాకు అందులో ఐదో వంతు చాలు.

4. పని. అన్నిటికంటే మాకు ముఖ్యమైంది ఇదే. రెండేళ్ళ పాటు ఊరి తిరునాళ్ళలో, కొలుపుల్లో నాటకం, హరికథ, బుర్రకథ, తోలుబొమ్మలాట పెట్టే కమిటీకి ఖర్చులో సగం ప్రభుత్వం భరించాలి. మిగతా సగం ఊరు పెట్టుకుంటుంది. అలా అయితే బాగా ఆడేవాళ్ళనే ఊరు పిలుస్తుంది, నకిలీలకి చోటుండదు, ఆఫీసుల్లో ఎవరూ ఎవరినీ ఎంపిక చెయ్యక్కర్లేదు. దేవాదాయ శాఖ కింద రాబడి ఉన్న గుళ్ళ ఉత్సవాల్లో కూడా స్థానిక కళాకారులకి కొన్ని రాత్రులు తప్పనిసరి చెయ్యండి.

5. అనుమతి. రాత్రి పది దాటితే మైకు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. అవే నిబంధనల్లో పండగలకి, సాంస్కృతిక కార్యక్రమాలకి ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి పన్నెండు దాకా అనుమతించే అధికారం రాష్ట్రానికి ఉంది. ఆ రోజులేవో జిల్లా తిరునాళ్ళ లెక్క చూసి సీజనుకి ముందే ప్రకటించండి. సీను మధ్యలో ఎస్సై గారు వచ్చి మైకు ఆపిస్తారేమో అన్న టెన్షన్ మాకు తప్పుతుంది, అడ్వాన్సు ఇచ్చే కమిటీకీ ధైర్యం ఉంటుంది. పన్నెండుకల్లా ముగించమంటే మేం సాయంత్రం ఏడుకే మొదలుపెడతాం, దానికి మాకేం అభ్యంతరం లేదు.

6. బకాయిలు. ప్రభుత్వ ప్రచారం కోసం చేయించుకున్న ప్రోగ్రాములకి నెల లోపు డబ్బు ఇవ్వండి. పాతవి తీర్చండి.

7. బోర్డు. తమిళనాడులో ఉన్నట్టు కళాకారుల సంక్షేమ బోర్డు పెట్టండి. అందులో సగం మందైనా రాత్రి కూలి మీద బతికేవాళ్ళు ఉండాలి. అంతా బిరుదులున్నవాళ్ళే అయితే అది ఇంకో సన్మాన సంఘం అవుతుంది. రేపు ఇంకో మహమ్మారి వచ్చినా, తుఫాను వచ్చినా, ఎవరికి సాయం పంపాలో తెలియదనే మాట మళ్ళీ వినపడకూడదు.

వీటిలో మొదటిదానికీ, ఐదోదానికీ ఖర్చు దాదాపు లేదు. ఒక జీవో, ఒక సర్క్యులర్ చాలు. అవి రెండూ సంక్రాంతి లోపు రావాలి, ఎందుకంటే శివరాత్రి బుకింగులు అప్పుడే మొదలవుతాయి. రెండు, మూడు, నాలుగు అంశాలకి వచ్చే బడ్జెట్‌లో పద్దు చూపించండి. కుదరదంటే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పండి. దాన్ని కూడా ఇలాగే అందరికీ చదివి వినిపిస్తాం.

ఇట్లు,
రంగస్థల, జానపద కళాకారుల తరఫున
ఒక హార్మోనిస్టు, పల్నాడు జిల్లా